తూము మీద కూర్చున్న పిల్ల

ఆ పుస్తకం చివరి పేజీ చదివిన మధ్యాహ్నం నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మనిషి మీద కోపం వస్తే ఎదురుగా నిలబెట్టి నాలుగు మాటలు అనొచ్చు. పుస్తకాన్ని ఏమనాలి? విసిరికొడదామంటే పక్కనే నా బిడ్డ మహిత బోర్లా పడుకుని వింటోంది. పుస్తకం మూసి, కుట్టుమిషన్ మీద పెట్టి, చెంబెడు నీళ్లు తాగి, మళ్లీ తెరిచి అదే పేజీ చదివాను. అదే ఉంది. మూడోసారి చదివినా అదే ఉంది.

అయితే ముందు ఆ ఎండాకాలం మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే ఓ పిల్లల కథల పుస్తకం మీద ఇంత పెద్ద మనిషికి కోపమేందని మీరు నవ్వుతారు.

మా ఊరు బొంతపల్లి దాటి లోపలికి వెళ్తే వస్తుంది. ఊరికి ఓ పక్క చెరువు, ఇంకో పక్క మందుల కంపెనీ. దాని పేరుతో మాకు పని లేదు, మా ఊళ్లో కంపెనీ అంటే అదొక్కటే. మా ఆయన మల్లేష్ అందులో బాయిలర్ దగ్గర పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీద పని చేస్తున్నాడు. పర్మినెంట్ చేస్తామని ఆరేళ్లుగా చెప్తూనే ఉన్నారు. నిరుడు ఆవిరి పైపు తగిలి ఎడమ చేయి మోచేతి దాకా కాలితే, కాంట్రాక్టరు కట్టు కట్టించి, ఈ సంగతి గేటు దగ్గర అనొద్దని చెప్పి ఇంటికి పంపాడు. పర్మినెంట్ మనిషికి అట్లా కాదు, ఆసుపత్రి ఉంటుంది, అడిగే దిక్కు ఉంటుంది. మల్లేష్‌కు ఇంక ఏ కోరికా లేదు, ఆ పర్మినెంట్ కార్డు ఒక్కటి మెడలో పడితే చాలు.

నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. జాకెట్లు, పిల్లల గౌన్లు, బిహార్ నుంచి వచ్చి రేకుల గదుల్లో కిరాయికి ఉండే కంపెనీ పిల్లగాళ్ల ప్యాంట్లు పొట్టి చేయడం. అన్నిటికంటే ఎక్కువ చీరలకు ఫాల్ వేయడం. ఫాల్ గుడ్డను ముందు నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. అట్లా చేయకపోతే మొదటి ఉతుకుకే అది ముడుచుకుపోయి చీర అంచును కూడా గుంజుతుంది. మా బోరు నీళ్లలో నానబెడితే తెల్ల ఫాల్ పసుపు పచ్చగా తిరిగి మందు వాసన కొడుతుంది. అందుకని ఫాల్ నానబెట్టడానికి కూడా నేను కొనుక్కొచ్చిన క్యాన్ నీళ్లే వాడతాను. కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు అది చూసి, సునంద ఇంట్లో గుడ్డపేలికై పుట్టినా బాగుండేది, మంచి నీళ్లన్నా దొరికేవి అని ఎకసెక్కాలు ఆడతారు. నేనూ నవ్వేదాన్ని.

ఏప్రిల్ మొదట్లో త్రినాథరావు గారు మా ఇంటికి వచ్చారు. కంపెనీ తరఫున ఊళ్ల వ్యవహారాలు చూసే ఆఫీసరు ఆయన. బడికి బెంచీలు, గుడికి రంగులు, ఆటల పోటీలకు కప్పులు అన్నీ ఆయన చేతుల మీదుగానే వస్తాయి. కుర్చీ జరిపితే వద్దని, జాకెట్ ముక్కల మధ్యనే చాప మీద కూర్చున్నారు. మహిళా సంఘం మీటింగులో నేను తీర్మానాల పుస్తకం చదువుతుంటే ఒకసారి విన్నారట. నా గొంతు గురించి ఆయన అన్న మాటలు నా జన్మలో నన్నెవరూ అనలేదు. నేను చదివితే అవతలివాళ్లకు నమ్మకం కుదురుతుందట.

సంగతేమిటంటే కంపెనీని ఇంకో అంత పెంచుతున్నారు. పెంచాలంటే చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని అడగాలని రూలు ఉంది. బడి ముందర శామియానా వేస్తారు, పెద్దాఫీసరు వచ్చి కూర్చుంటాడు, ఇష్టమున్నవాళ్లు మైకు దగ్గరికి వెళ్లి పేరు, ఊరు చెప్పి తమ అభిప్రాయం చెప్పుకోవాలి. అదంతా వీడియో తీస్తారు, రాసుకుంటారు, పైకి పంపుతారు. ప్రజాభిప్రాయ సేకరణ అంటారు దాన్ని. పదేళ్ల కింద జరిగినప్పుడు ఒక్క ఆడమనిషీ మాట్లాడలేదని, ఈసారి నేను మాట్లాడితే బాగుంటుందని అంటూ ఆయన టైపు చేసిన కాయితం ఒకటి నా చేతిలో పెట్టారు. అందులో ఐదే లైన్లు. నా పేరు, మా ఊరి పేరు. కంపెనీ వల్ల మా నీళ్లకు, గాలికి ఏ ఇబ్బందీ లేదు. కంపెనీ పెరిగితే మా పిల్లలకు ఉద్యోగాలు వస్తాయి. కనుక మా ఊరి ఆడవాళ్లందరి తరఫున సమ్మతి తెలుపుతున్నాను.

పోతూ పోతూ వాకిట్లో మల్లేష్ భుజం మీద చేయి వేసి, పర్మినెంట్ లిస్టు జూన్ మొదటి వారంలో పైకి పోతోందని, అందులో మొదటి పేరు నీదేనని చెప్పారు. ఆ రెండు సంగతులనూ ఆయన ఎక్కడా కలిపి మాట్లాడలేదు. కలపవలసిన అవసరం ఏముంది.

ఆ సాయంత్రం మల్లేష్ ఆ కాయితం నాతో నాలుగుసార్లు చదివించుకున్నాడు. ఆయన ఐదో తరగతితో బడి మానేశాడు, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు. నాలుగోసారి విన్నాక, రేడియోలో చదివినట్టే ఉందని మురిసిపోయాడు. నాకు ఆ కాయితంలో ఉన్నది అబద్ధమని తెలియదా? తెలుసు. అయినా సరేనన్నాను. అందరూ అనేదే కదా, నేనొక్కదాన్ని అనకపోతే కంపెనీ ఆగిపోతుందా అనుకున్నాను. కాయితం మడిచి, టేపు, చాకుపీసులు దాచే డబ్బాలో పెట్టి మూత పెట్టాను.

పుస్తకం బయటపడింది ఆ తర్వాత వారానికి. ట్రంకుపెట్టె కింద చెదలు పట్టాయని అన్నీ తీసి దులుపుతుంటే అడుగున కనిపించింది. అట్ట ఎప్పుడో పోయింది, దాని చోట మా నాయిన పాత క్యాలెండర్ కాయితం అంటించాడు. పేరు ‘తూము కావలి’. ఐదో తరగతిలో చదువుడు పోటీలో ఫస్టు వస్తే బడిలో ఇచ్చారు. దాన్ని చూడగానే ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని చిన్నపిల్లలా ఎగిరాను. మహిత ఏడో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉంది. ఆ కథ దానికి కంఠతా వచ్చు. పాలు మాన్పించిన దగ్గర్నుంచీ నేను చెప్తూనే ఉన్నాను. కానీ పుస్తకాన్ని అది చూడటం అదే మొదలు.

కథలో నర్సి అని పదకొండేళ్ల పిల్ల. వాళ్ల నాయిన ఊరి నీరటి. నీరటి అంటే చెరువు తూము ఎత్తేవాడు, దించేవాడు, ఏ మడికి ఎంత నీళ్లు పారాలో చూసేవాడు. కరువు కాలంలో ఆయన జ్వరంతో మంచాన పడతాడు. ఊరి వంతు కాదని నీళ్లన్నీ తన చెరుకు తోటకు వదలమని పటేల్ కబురు పెడతాడు. నర్సి వెళ్లి తూము మీద కూర్చుంటుంది. మూడు పగళ్లు, మూడు రాత్రులు లేవదు. మా నాయిన మొగులయ్య కూడా మా ఊరికి నీరటే. అందుకే ఆ పుస్తకం నాకోసమే ఎవరో రాసి పంపారని చిన్నప్పుడు గట్టిగా నమ్మేదాన్ని.

మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు రోజుకో భాగం చదవాలని మేం ఒప్పందం పెట్టుకున్నాం. మొదటి రెండు రోజులు ఎంత సంతోషమో. ఒక్కో బొమ్మ రాకముందే నాకు గుర్తొచ్చేది. అయితే చిన్నప్పుడు కనబడనివి కూడా ఇప్పుడు కనబడ్డాయి. తూము గురించి రెండు పేజీలు రాసిన ఆ పెద్దమనిషి తూమును ఎన్నడూ దగ్గరికి వెళ్లి చూడలేదు. తూము కన్నం మూసే బిరడాను ఎత్తితే నీళ్లు వస్తాయి, ఆయన దించితే వస్తాయని రాశాడు. నీరటి బిడ్డను, నాకు తెలీదా. అప్పుడు నర్సి నాకంటే పెద్ద పిల్ల, ఎంత ధైర్యమో అనుకునేదాన్ని. ఇప్పుడు అది మహిత కంటే చిన్నది. చీకట్లో, నీళ్ల ఒడ్డున, ఒంటరిగా పిల్ల కూర్చుంటే దాని తల్లి ఏమైపోయిందని పేజీలు వెనక్కి తిప్పి వెతికాను. తల్లి గురించి ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

నాకు తెలిసిన చివర ఏంటంటే, మూడో రోజు పటేల్ మనుషులు వస్తే నర్సి తూము ఎత్తే కర్రను నడి నీళ్లలోకి విసిరేసి, ఈ నీళ్లు ఊరివి, ఊరు చెప్తేనే లేస్తాను అంటుంది. ఒక్కొక్కరే ఊరి జనం వచ్చి దాని పక్కన కట్ట మీద కూర్చుంటారు. పటేల్ ఎట్లా వచ్చినవాడు అట్లా వెనక్కి పోతాడు. మహితకు కూడా తెలిసింది ఇదే.

పుస్తకంలో అచ్చయింది వేరే. మూడో సాయంత్రం పటేల్ తానే వస్తాడు. నీ పట్టుదలకు మెచ్చాను తల్లీ అని నర్సి తల నిమిరి పట్టు లంగా ఇస్తాడు. అంత మంచి మనిషిని తప్పుగా అనుకున్నందుకు నర్సి సిగ్గుపడి ఏడ్చి, తన చేతులతోనే తూము తెరుస్తుంది. పటేల్ దాన్ని బడిలో చేర్పిస్తాడు. పెద్దల మాట విన్న పిల్లలకు అంతా మంచే జరుగుతుందని నర్సి తెలుసుకుంది. సమాప్తం.

మహిత లేచి కూర్చుంది. “అమ్మా, నువ్వు చెప్పిన కథ గిది కాదు,” అంది. మధ్యలో పేజీలు పోయి ఉంటాయని నేను నసిగాను. అది పుస్తకం లాక్కుని వెనకనుంచి ముందుకు పేజీల నంబర్లు చూసింది. ఒక్కటీ పోలేదు. నా మొహం వంక చూసి బయటికి వెళ్లిపోయింది. బిడ్డ ముందు అబద్ధాలకోరును అయ్యానని ఒక బాధ, నర్సి నన్ను మోసం చేసిందని ఇంకో బాధ. ఏది పెద్దదో చెప్పలేను.

ఎండ తగ్గకముందే పుస్తకం పట్టుకుని మా అమ్మ దగ్గరికి పోయాను. మా అమ్మ సంగమ్మ మూడో గల్లీలో ఒక్కతే ఉంటుంది. ఎండాకాలం వచ్చిందంటే చింతపండు పని. బండరాయి మీద కాయ పెట్టి చిన్న సుత్తెతో కొట్టి గింజలు తీస్తూ ఉంది. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పిందంతా విని, సుత్తె ఆపకుండానే, ఇన్నేళ్లకు తెలిసిందా నీకు అంది.

“నీకు ఎరుకనా?” అన్నాను.

“నాకు అచ్చరం రాదు గని, నీ కండ్లు ఏడున్నయో నాకు కనవడది?” అంది. “ఫస్టు దినం నువ్వు ఉన్నది ఉన్నట్టే సదివినవ్. మీ నాయిన బువ్వ తింటుండె. ఆ పిల్ల తూము తెరిసిందనంగనే కంచం ఇడిసి లేసిండు. మల్ల రెండు దినాలు ఇంట్ల ఎవ్వల్తోని మాట్లాడలే. మూడోనాడు నువ్వే పుస్తకం పట్టుకొచ్చి, నాయినా ఆ దినం పేజీ తప్పు తిప్పిన, మల్ల సదువుత అన్నవ్. పుస్తకం ముంగట పెట్టుకున్నవ్ గని, కండ్లు గోడ దిక్కుండె. మొత్తం నీ సొంతంగ సదివినవ్. గప్పుడు తిన్నడు ఆయిన.”

ఆ తర్వాత రోజూ పొద్దుగూకగానే నాయిన ఆ చివరి భాగం చదవమని కూర్చునేవాడు, అది నాకు గుర్తుంది. ఒక్కొక్కరే వచ్చి కట్ట మీద కూర్చున్న జనానికి పేర్లు పెట్టింది నేనేనని, మా ఊరి వాళ్ల పేర్లే పెట్టానని అప్పుడు గుర్తొచ్చింది. చదివి చదివి అదే నిజమని నమ్మాను. పదేళ్ల పిల్లను నేను.

నేను చదివేది పుస్తకంలో లేదని నాయినకు తెలుసా అని అడిగాను. తానెప్పుడూ అడగలేదు, ఆయనెప్పుడూ చెప్పలేదు అంది అమ్మ. తర్వాత సుత్తె పక్కన పెట్టింది. ఆయన కంచం వదిలి ఎందుకు లేచాడో నేను అడగలేదు, అమ్మే చెప్పింది.

కంపెనీ వచ్చిన కొత్తలో, నాకు ఆ పుస్తకం రాకముందు, వాళ్ల మురికి నీళ్ల పైపు చెరువు కడుపులోంచి వేయాల్సి వచ్చింది. చెరువు నిండుగా ఉంది. నాట్లు కాలేదు, తూము ఎత్తే కాలం కాదు. మా ఊరి పటేల్ వాకిట్లో పెద్దమనుషులు, కంపెనీ మనుషులు కలిసి నాయినను పిలిచారు. ఎప్పుడూ గేటు బయట నిలబడి మాట్లాడే మనిషిని లోపలికి పిలిచి, తమ సరసన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వాళ్లు తాగే కప్పులోనే చాయ్ ఇచ్చారు. నువ్వు ఎత్తితేనే ఎత్తినట్టు మొగులయ్యా, వేరేవాళ్ల చేయి పడొద్దు అన్నారు. నాయిన ఇంటికి వచ్చి కర్ర పట్టుకుని పోయి ఎత్తాడు. నాలుగు రోజుల్లో చెరువు ఖాళీ అయింది, పైపు పడింది, అది కారి ఆ తర్వాత నిండిన నీళ్లు ఎవరి నోట్లోకీ పోలేదు. ఆ కుర్చీ లేకపోతే తూము ఎత్తేవాణ్ని కాదని నాయిన పోయే ముందు అమ్మతో అన్నాడట. ఊళ్లో అందరికీ తెలుసు. నా మొహం మీద ఎవరూ అనలేదు, అంతే.

నేను ఇంటికి వచ్చి, డబ్బాలోంచి త్రినాథరావు గారి కాయితం తీసి మళ్లీ చదివాను. ఒళ్లు మండిపోయింది. నాకు కుర్చీ వేయలేదు వాళ్లు. నా గొంతు బాగుందన్నారు, అంతే తేడా.

మల్లేష్‌కు దాచిపెట్టి చేయడం నాకు చేతకాదు. మీటింగు ఇంకా రెండు రోజులుందనగా, నేను ఆ కాయితం చదవనని చెప్పాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. మెల్లగా బతిమాలాడు. “సదవకుంటే సదవకు. పానం బాగ లేదని నేను జెప్త. ఇంట్లనే పండుకో. గంతే గదా,” అన్నాడు. అదీ న్యాయమైన మాటే. కానీ నేను పడుకుంటే ఆ ఐదు లైన్లు ఇంకో ఆడమనిషి చేత చదివిస్తారు. నా చేయి కాకపోతే ఇంకో చేయి తూము ఎత్తుతుంది. నేను పోతాను, చదవమన్నది చదవను, నా మాట నేను చెప్తాను అన్నాను. అప్పుడు కోపం వచ్చింది ఆయనకు. ఓ చిన్నపిల్లల పుస్తకం కోసం, చచ్చిపోయిన మామ కోసం తన పన్నెండేళ్లు పోగొడతావా అని అడిగాడు. ఆయన కష్టం నాకు తెలియంది కాదు. ఆ కాలిన చేతికి మందు రాసిందాన్ని నేనే.

మే నెల మధ్యలో, పది గంటలకే పెనం మీద నిలబడ్డట్టున్న ఎండలో మీటింగు జరిగింది. శామియానా కింద ఎడమ పక్కన కంపెనీ బస్సుల్లో వచ్చిన మనుషులు పచ్చ టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో మల్లేష్ ఉన్నాడు. కుడి పక్కన ఊరి జనం, వెనక పోలీసులు. నా నంబరు పద్నాలుగు. నా ముందు మాట్లాడినవాళ్లలో పదకొండు మంది చేతిలో నా కాయితం లాంటిదే ఉంది, మాటలు కూడా కొంచెం అటూ ఇటూగా అవే.

నన్ను పిలిస్తే వెళ్లాను. కాయితం విప్పి రెండు చేతులతో పట్టుకున్నాను. మొదటి లైను ఉన్నది ఉన్నట్టే చదివాను, నా పేరు, మా ఊరు. తర్వాత కాయితం మీది చూపు తీయకుండానే నాది నేను చదివాను.

“మా బోరు నీళ్లల్ల తెల్ల గుడ్డ నానవెడితే పచ్చగయితది సార్. రోజు గిరాకీ గుడ్డలు కుట్టేదాన్ని, నేను చూస్త. గుడ్డకే గట్లయితే పిల్లల కడుపుల ఏమయితుందో మీరే చెప్పాలె. మా నాయిన మొగులయ్య ఈ ఊరి నీరటి. పైపు కోసం తూము ఎత్తింది మా నాయిననే. పెద్దోళ్లు కూసోవెట్టి మంచిగ అడిగితే కాదనలేకపోయిండు. గా తప్పు ఆయిన సచ్చేదాక మోసిండు. ఇప్పుడు నన్ను గూడ మంచిగనే అడిగిన్రు. నేను ఒప్పుకోను. మా ఊరి ఆడోళ్లు ఒప్పుకున్నరని ఎవ్వలన్న రాస్తే, అది అబద్ధమని నా పేరు మీద రాసుకోన్రి.”

ఇంకేమైనా ఉందా అమ్మా అని ఆఫీసరు అడిగాడు. లేదు సార్, అయిపోయిందన్నాను. రాసుకునే ఆయన నా ఇంటిపేరు ఇంకోసారి అడిగి రాసుకున్నాడు. దిగుతుంటే త్రినాథరావు గారు ఎదురై చేయి చాపారు. కాయితం ఇచ్చేశాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఇందులో మీరు చదివింది లేదే అన్నట్టు నా వైపు చూశారు. నా తర్వాత పదిహేనో నంబరు మగాయన లేచేలోపే, నా దగ్గర కుట్టించుకునే పుష్పమ్మ నంబరూ గింబరూ లేకుండా మైకు దగ్గరికి నడిచింది. ఆమె వెనక ఇంకో ఐదుగురు ఆడవాళ్లు లేచారు. పచ్చ టోపీల వరసలో మల్లేష్ తల దించుకుని కూర్చున్నాడు.

మర్నాడు గేటు దగ్గర ఆయన కాంట్రాక్టు పాసు చెల్లలేదు. పని తక్కువుంది, మళ్లీ పిలుస్తామన్నాడు కాంట్రాక్టరు. ఇంటికి వచ్చి టిఫిన్ డబ్బా అరుగు మీద పెట్టి, “నా పన్నెండేండ్లు తీసుకపోయి మీ నాయిన తూముల వడేసినవ్,” అన్నాడు. ఆ మాట సూదిలా దిగింది, అబద్ధం కాదు కనుక ఇంకా లోపలికి దిగింది. నేను ఏడ్చాను, కానీ తప్పు చేశానని మాత్రం అనలేదు. అంటే ఆయన బాధ తగ్గేదేమో.

మూడు వారాలు ఆయన పటాన్‌చెరు వెళ్లి లారీలకు లోడింగ్ పని చేశాడు. నాతో అవసరమైనంత వరకే మాట్లాడేవాడు. మహిత మాత్రం ఆ పుస్తకం చివరి పేజీ కింద ఖాళీ జాగాలో పెన్సిల్‌తో తాత చదివించుకున్న కథ రాసింది. పేర్లతో సహా నన్నడిగి రాసింది. ఎందుకే అంటే, ఎప్పుడన్నా ఎవరన్నా చదివితే మోసపోవద్దు అంది.

జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడు త్రినాథరావు గారు మల్లేష్‌కు ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. చేతిలో టైపు చేసిన కాయితం ఉంది. దాని మీద సంతకం పెట్టి ఇస్తే లిస్టులో పేరు అట్లాగే ఉంటుందని చెప్పారట. తాను చదవడానికి చూశాడట గానీ, అక్కడ నలుగురి ముందు అక్షరాలు కూడలేదట. మిషన్ ముందు పీట మీద కూర్చుని కాయితం నా చేతికిచ్చాడు.

“ఉన్నది ఉన్నట్టు సదువు,” అన్నాడు. “ఒక్క మాట గూడ కలపకు, ఇడువకు.”

చదివాను. నా భార్య సునందకు కొంతకాలంగా మతిస్థిమితం సరిగా లేదు. ఎవరో నేర్పిన మాటలు పట్టుకుని ఆమె మైకులో మాట్లాడింది. ఆమె చెప్పినవేవీ నిజం కావు, వాటికి నాకు, నా కుటుంబానికి సంబంధం లేదు. ఆమె తరఫున క్షమించమని కోరుతున్నాను. మతిస్థిమితం దగ్గర కూడా ఆపకుండా చివరిదాకా చదివాను. ఒక్క మాట మార్చలేదు. మార్చి ఉంటే, ఇది నీ పర్మినెంట్ కాయితమేనని చదివి ఉంటే ఆయన సంతోషంగా సంతకం పెట్టేవాడు. లేదా ఇంకా ఘోరంగా చదివి ఉంటే అక్కడికక్కడే చించేసేవాడు. రెండూ నా చేతిలోనే ఉన్నాయి. కానీ ఇది ఆయన కాయితం.

మల్లేష్ కాయితం చేతిలోకి తీసుకుని మొదటి లైను మీద వేలు పెట్టాడు. మతిస్థిమితం లేదంటే పిచ్చి అనేనా అని అడిగాడు. అవునన్నాను. పెన్ను అడిగాడు. సంతకం పెడితే నేనేం చేయాలి? ఆయన్ని ఏమీ అనే హక్కు నాకు లేదు, అది మాత్రం తెలుస్తోంది. పెన్ను ఇచ్చాను.

ఆయన కాయితాన్ని వెనక్కి తిప్పి మిషన్ పలక మీద పరిచి, ఖాళీగా ఉన్న వైపు రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి, నోట్లో గొణుక్కుంటూ రాశాడు. మధ్యలో ‘భార్య’ ఎట్లా రాయాలని మహితను అడిగాడు, అది వేలితో మిషన్ మీద రాసి చూపించింది. నాలుగు లైన్లకు పావుగంట పట్టింది. ఎదురుగా కూర్చుని నేను తలకిందులుగానే చదువుకున్నాను. నా పేరు మల్లేష్. బాయిలర్ల పన్నెండేండ్లు చేసిన. నా భార్య మతి మంచిగనే ఉన్నది. ఆమె చెప్పింది నిజం, కంపెనీ పైపుల ఇడిసే నీళ్లు నేను రోజు సూసిన.

కింద సంతకం పెట్టాడు. పెన్ను ఎత్తి పట్టుకుని నా వంక చూశాడు, ఆ పన్నెండేళ్లూ ఆయన మొహంలో కనిపించాయి నాకు.

“తారీఖు గూడ ఎయ్యాల్నా?” అన్నాడు.

“ఎయ్యి,” అన్నాను.

తారీఖు వేసి, కాయితం మడవకుండా చేతిలో పట్టుకుని, బండి తీసుకుని కంపెనీ గేటుకు పోయాడు.